మోటార్లకు ఒకరోజు సెలవు

నాందేడ్
8 జూన్ 2025

తమ్ముడు విలాస్‌కు,

అక్క దీవెన. ఫోనులో నీ మాట సగం నాకు, సగం సముద్రానికి పోతోంది. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే రాయి. రాసింది రెండోసారి చదువుకోవచ్చు.

నువ్వు ఓడ ఎక్కిన తరువాత వచ్చిన సోమవారం పొద్దుట సంగతి చెబుతాను. ఆ రోజు విశేషం ఏమీ జరగలేదు. అందుకే చెప్పాలనిపించింది.

గురుద్వారాలో కీర్తన మొదలయ్యే వేళకు లేచాను. నల్లా వచ్చే రోజు కాబట్టి ముందు డ్రమ్ములు నింపాను. స్నానం చేసి హాల్లోకి వస్తే నీ అన్న దేవిదాస్ నువ్వు కట్టిన పగడాల ట్యాంకు పక్కన చాప మీద నిద్రలో ఉన్నాడు. వాడు పడుకునే చెక్క తఖ్తా ఉండే చోట నువ్వు సముద్రం పెట్టిపోయావు కదా, వాడికి నేలే మిగిలింది. వాణ్ణి దాటి వెళ్ళి నువ్వు నేర్పిన వరుసలో పని చేశాను. ముందు కింది తొట్టిలో నీటి గీత చూశాను. ఎండకు వేలెడు దిగింది. ఫిల్టరు చేసిన మంచినీళ్ళు గీత దాకా పోశాను. అంచుల మీద తెల్లగా పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. తరువాత చెవి పెట్టి విన్నాను. కింది నుంచి పైకి నీళ్ళు తోసే మోటారు సన్నగా మూలుగుతోంది. గాజు రెండు చివర్లా ఎదురెదురుగా పెట్టిన అలల మోటార్లు వంతులు వేసుకుని కొడుతున్నాయి. ఒకటి ఆగితే ఒకటి. మధ్యలో పగడాలు ఇటు వంగి, అటు వంగి ఊగుతున్నాయి. అన్నీ సరిగా ఉన్నాయని చిటికెడు మేత వేశాను. నారింజ చేపలు రెండూ ముందు నా వేలు చూసి, తరువాత మేత చూశాయి.

మీ వదిన శుభాంగి పొయ్యి మీద రొట్టె తడుతున్న చప్పుడు. దేవిదాస్ లేచి, బస్సు డిపోకు తయారవుతూ, "నమస్తే సేట్" అని చేపలకు చెప్పి పోయాడు. రోజూ అట్లాగే చెబుతాడు.

అప్పుడు పూజపీట ముందు కూర్చున్నాను. పీట ట్యాంకుకు ఎదురుగోడనే కదా. నీళ్ళ చప్పుడుకు జపం లెక్క తప్పుతోంది. పూసలు ముందుకు పోతాయి, మనసు వెనక్కి వస్తుంది.

నువ్వు వెళ్ళేముందు అన్న మాట నాకు గుర్తుంది. మన ఎండలో, మన కరెంటులో, మన చేతుల్లో ఈ ట్యాంకు బతికితే ఓడ మానేసి నాందేడ్‌లోనే ఇట్లాంటివి కట్టే పని పెట్టుకుంటానన్నావు. బతకకపోతే ఆగస్టు చివర మళ్ళీ మూడేళ్ళకు సంతకం పెడతానన్నావు. నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఇంత నీటిని ఇంట్లో చూపించినందుకు దండం పెట్టాను.

నీ అక్క
సుశీల


ఓడ మీద, కొలంబో దాటాక
21 జూన్ 2025

అక్కా,

దండాలు. నీ ఉత్తరం ఇంజను గదిలో కూర్చుని చదివాను. ఇక్కడి మోటారు చప్పుడులో నీ మోటారు చప్పుడు వినబడింది.

నీ జపానికి అడ్డం వచ్చానని తెలిసి మనసు బాగాలేదు. అలల మోటార్ల తీగకు ఒక చిన్న డబ్బా, దాని మీద తిప్పే మర ఉంది చూడు. జపం చేసేటప్పుడు దాన్ని సగానికి తిప్పు. చప్పుడు తగ్గుతుంది. కాసేపటికి ఏమీ కాదు.

అన్నకు ఆ రెండు మోటార్లు ఎందుకో ఇంకా అర్థం కాలేదట, ఫోనులో అన్నాడు. చెప్పు. చేప మేత దగ్గరికి పోతుంది. పగడానికి అది చేతకాదు. అది రాయిని కరచుకుని కూర్చున్న జీవం. దానికి తిండీ నీళ్ళే తేవాలి, దాని మురికీ నీళ్ళే తీసుకుపోవాలి. ఒకే వైపు నుంచి తోస్తే ఒక పక్క ఊడ్చుకుపోతుంది, రాళ్ళ వెనుక నీళ్ళు చచ్చిపడి ఉంటాయి. అందుకే ఎదురెదురు, వంతులవారీ. లక్షద్వీప్ దగ్గర లంగరు వేసినప్పుడు నీళ్ళలోకి చూసి తెలుసుకున్నాను. ఓడలో నా కొలువే పంపులు చూసుకోవడం. ఇరవై ఏళ్ళుగా ఎవరిదో నూనె ఒక దేశంలో ఎక్కించి ఇంకో దేశంలో దించుతున్నాను. ఒక్కసారి బతికినదాని కోసం నీళ్ళు తిప్పాలనిపించింది.

నీ మీద పని వేసి వచ్చాను. విసుగనిపిస్తే దాచకు.

విలాస్


నాందేడ్
6 జూలై 2025, తొలి ఏకాదశి

తమ్ముడికి,

విఠలుని దయ వల్ల అందరం క్షేమం. ఈ రోజు ఉపవాసం. శుభాంగి సగ్గుబియ్యంతో సాబుదానా చేసింది. ఉపవాసమని పేరే గాని దేవిదాస్ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

నువ్వు చెప్పినట్టు మర తిప్పాను. ఇల్లు నెమ్మదించింది. నాకు రెండు పూటలా జపం ఉంటుంది కాబట్టి మాటిమాటికి తిప్పడమెందుకని అట్లాగే ఉంచాను.

ట్యాంకు చూడముచ్చటగా ఉంది. రాళ్ళ వెనుక ఇసుక మీద ఎర్రగా, మెత్తగా ఒకటి పరచుకుంటోంది. ఎవరో కుంకుమ చల్లినట్టుంది. పండుగపూట మంచి శకునం అనుకున్నాను.

మొన్న దేవిదాస్ డిపో నుంచి ఇద్దరు వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక వాడు, "చేపలను లేపుడా, మిమ్ములను నిలబెట్టుడా, నాకు సమజైతలేదు" అన్నాడు. అందరూ నవ్వారు.

వానలు మొదలయ్యాయి. నీ ఓడకు గాలి అనుకూలంగా ఉండాలి.

అక్క


ఓడ మీద
19 జూలై 2025

అక్కా,

అది కుంకుమ కాదు. పాచి. నీళ్ళు కదలని చోట పుడుతుంది. కొద్దిరోజుల్లో పగడాల మీదికి ఎక్కి ఊపిరి ఆపుతుంది. సన్నటి పైపు పెట్టి నోటితో పీల్చి బకెట్టులోకి లాగెయ్యి. మర పూర్తిగా తిప్పు. ఈ రోజే.

నిన్ను అనడం లేదు. తప్పు నాది. మర జపమయ్యాక మళ్ళీ తిప్పాలని నేను విడమరచి రాయలేదు. ఎంత నూనె మోసినా ఓడ మునగదు, కానీ ఒక చిన్న మాట లోపించి ట్యాంకు మునుగుతుంది.

ఇంకో మాట. ఇంట్లో మనుషులకు చోటు లేకుండా చేశాను. అన్న నవ్వుతూ అన్నా అన్నదే కదా. నిజామాబాద్‌లో ఒక పళ్ళ డాక్టరు తన దవాఖానకు ఇట్లాంటి ట్యాంకు కావాలని చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఇది ఆయనకు ఇచ్చేస్తే ఎట్లా ఉంటుంది? నేను దగ్గర లేనిది నిలవదని తేలిపోయింది. కంపెనీవాళ్ళ మూడేళ్ళ కాగితం వచ్చింది. నువ్వేమంటావు?

విలాస్


నాందేడ్
27 జూలై 2025

విలాస్‌కు,

పాచి లాగేశాను. నోట్లోకి కొంచెం ఉప్పునీళ్ళు వచ్చాయి. సముద్రం రుచి ఈ వయసులో తెలిసింది. మర పూర్తిగా తిప్పాను. పూజపీట వంటింటి తూర్పుగోడకు మార్చుకున్నాను.

ట్యాంకు విషయం, సంతకం విషయం నీ ఇష్టం. ఏది జరిగినా ఆయన దయే.

శ్రావణం వచ్చింది. ఆరోగ్యం చూసుకో.

అక్క


ఓడ మీద
9 ఆగస్టు 2025, రాఖీ పున్నమ

అక్కా,

నువ్వు నా పెట్టెలో తువ్వాలు మడతలో దాచిన రాఖీ ఈ పొద్దున తీసి కట్టుకున్నాను. ఒంటిచేత్తో ముడి పడలేదు. మా వంటవాడు వేశాడు. వాడు వేసినందుకు వాడికీ కానుక ఇవ్వాల్సి వచ్చింది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నా వల్ల దేవుడు కూడా హాలు ఖాళీ చేసి వంటింట్లోకి పోయాడు. ఉంచుకుందామని ఒక్క మాట నువ్వు రాయలేదు. ఉంచుకోమని నేనూ అడగలేదు. నీ ఇష్టం అన్నావంటే వద్దనేనని నాకు తెలుసు అక్కా. చిన్నప్పుడు బిలోలి సంతలో నేను బొమ్మ అడిగితే, నీ దగ్గర డబ్బు లేనప్పుడు, అట్లాగే అనేదానివి.

డాక్టరుతో మాట్లాడాను. ఎద్దుల పండుగ, పొలాల అమాస అయ్యాక ఆదివారం నాడు మనుషులు వ్యాను తీసుకుని వస్తారు. సోమవారం నేను సంతకం పెడతాను. మీకు హాలు మిగులుతుంది. అన్న తఖ్తా వేసుకోవచ్చు.

ఇన్ని రోజులు చూసుకున్నందుకు నీకు ఎట్లా దండం పెట్టాలో తెలియదు.

విలాస్


నాందేడ్
22 ఆగస్టు 2025, పొలాల అమాస, దీపం పెట్టాక

విలాస్,

ఈసారి పొడుగ్గా రాస్తాను. ఓపికగా చదువు.

పెంటవ్వత్త పండుగకు నిన్ననే ఊరి నుంచి వచ్చింది. నాన్నకు ఆమె ఒక్కతే చెల్లెలు. ఇప్పుడు ఊళ్ళో ఆమెకు ఎద్దులు లేవు. ఎప్పుడూ లేవు. మామ జీవితమంతా పటేళ్ళ ఎద్దులనే తోలాడు. అయినా ప్రతి ఏటా ఈ రోజు వాటి మెడలకు నెయ్యీ పసుపూ రాసింది ఆమే. కాళ్ళు రానివ్వక ఈ ఏడు ఇక్కడికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి నీ ట్యాంకు ముందే కూర్చుంది. చేపల గురించి ఏమీ అడగలేదు. చప్పుడు గురించి అడిగింది.

"గీ డబ్బాల గుర్రుమంటున్నదేంది?" అంది.

అవి నీళ్ళు తిప్పే మోటార్లని, ఒకటి పైకి తోస్తుందని, రెండు అలలు కొడతాయని శుభాంగి చెప్పింది. పగలూ రాత్రీ ఆగవని కూడా చెప్పింది. అత్త అమాసకు కూడా ఆగవా అని అడిగిందట. ఆగవని శుభాంగి అందట. ఆ మాట అత్త మనసులో పడింది.

ఈ పొద్దున ఇంట్లో మట్టి ఎద్దులకు పూజ అయింది. పూరణపోళీ బొబ్బట్లు తిన్నాం. నేను నది ఒడ్డున గుడికి వెళ్ళాను. శుభాంగి మేడ మీద బట్టలు తీస్తోంది. దేవిదాస్ ట్యాంకు పక్కన చాప మీద పడుకున్నాడు. అప్పుడు అత్త లేచి, గాజుకు బయట అతుక్కుని ఉండే అయస్కాంతాలు ఉన్నాయి కదా, ఆ అలల మోటార్ల వీపులు, వాటికి నెయ్యి రాసింది. పసుపు, కుంకుమ పెట్టింది. పోళీ ముక్క నైవేద్యం పెట్టింది. ఆ తరువాత కింది తొట్టి పక్కన ఉన్న కరెంటు బోర్డు మీద బటన్లన్నీ ఒక్కొక్కటిగా ఆపింది.

నేను వచ్చేసరికి హాల్లో నీళ్ళు. పై ట్యాంకు నీళ్ళు పైపులో వెనక్కి జారి, కింది తొట్టి నిండి, పొర్లి, దేవిదాస్ చాప కింద నుంచి గడప దాకా వచ్చాయి. వాడు వీపు తడిసి లేచి, ఎవరు పోశారని అడుగుతున్నాడు. శుభాంగి మెట్ల మీద నిలబడి, "చేపలే మీదికెళ్ళి పోసినయ్, జాగ ఇయ్యమని" అంటోంది. అత్త మాత్రం నెమ్మదిగా ఉంది. ఏడాదంతా కష్టపడ్డవాటిని ఒక్క రోజు విడిచానంది. కోపం రాలేదు నాకు. ఆమెకు వచ్చిన ఆలోచన మనలో ఎవరికీ రాలేదు.

కానీ బోర్డు కింది వైపు పూర్తిగా తడిసింది. దేవిదాస్ పరుగున వెళ్ళి మెయిన్ ఆపాడు. నువ్వు కరెంటు పోతే పనికొస్తుందని పెట్టిన ఇన్వర్టరు కూడా ఆ బోర్డుకే కదా. అదీ లేదు. ఉప్పునీళ్ళు తాగిన బోర్డు మళ్ళీ పెట్టకూడదని, కొత్తది కావాలని వాడన్నాడు. అమాస ఊరేగింపు, దుకాణాలన్నీ మూత. వైర్ల దుకాణం సంగన్నకు ఫోను చేస్తే ఎద్దులతో ఊరేగింపులో ఉన్నాడు, అయ్యాకే వస్తానన్నాడు.

నీళ్ళు నిలిచిపోయాయి. అంతవరకు నేను వాటిని నిలబడగా చూడలేదు. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పగడాలు ముడుచుకుంటున్నాయి. నీళ్ళు కదలకపోతే ఇవి చచ్చిపోతాయని అత్తకు చెప్పాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుంది.

"ఎద్దుకు ఆరామిచ్చిననాడు నీళ్ళెవలు మోస్తరు బిడ్డా? మనమే గద. చెంబు తే" అంది.

వాళ్ళ ఊళ్ళో అదే పద్ధతట. ఈ రోజు కాడి ఎత్తరు. బండి కట్టరు. అవసరం వస్తే బరువు మనిషి భుజం మీదనే పోవాలి. ఎద్దుకు సెలవంటే ఊరికే సెలవు కాదు, దాని పని మనం చేస్తేనే సెలవు.

పూజ రాగిచెంబు అందుకోబోయింది. రాగి తగిలితే పగడం చస్తుందని నువ్వు చెప్పింది గుర్తొచ్చి ఆపాను. చేతుల నెయ్యి పోయేదాకా సున్నిపిండితో అందరం కడుక్కున్నాం. స్టీలు చెంబులు తీసుకున్నాం. ఈ చివర ముంచి ఆ చివర ఎత్తు నుంచి పోయడం, ఆ చివర ముంచి ఈ చివర పోయడం. ముందు అత్త, నేను. తరువాత శుభాంగి, దేవిదాస్. వాడు ఆమెకు ఎదురుగా నిలబడి, "అలల మోటార్లు ఎదురెదురుగ ఎందుకో ఇయ్యాల సమజైంది" అన్నాడు. ఒకవైపు నుంచే పోస్తే రాళ్ళ వెనుక ఇసుక కదలలేదట. వాడే చూశాడు. శుభాంగి వాణ్ణి జోరు తగ్గించుకోమంది, నేల తుడిచేది తానే కాబట్టి.

నా వంతు వచ్చినప్పుడల్లా నోట నామం దానంతట అదే వచ్చింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చేయి నొప్పి పుట్టాక ఆ మోటార్ల మీద గౌరవం కలిగింది. ఇన్నాళ్ళూ ఇంత పని అవి చేస్తుంటే నేను చప్పుడు ఒక్కటే విన్నాను.

మధ్యలో దేవిదాస్ పైపు విప్పి చూశాడు. నీళ్ళు వెనక్కి జారకుండా గాలి పీల్చుకోవడానికి నువ్వు నీటి అంచున చిన్న రంధ్రం వేశావు. ఆ పాత పాచి అందులో చేరి మూసుకుపోయింది. వాడు అగ్గిపుల్లతో తీశాడు. ఇది పండుగ పగటిపూట జరిగింది. అందరం ఇంట్లో ఉన్నాం. ఇల్లు తాళం వేసి ఉన్నప్పుడు కరెంటు పోయి, ఇన్వర్టరూ అయిపోయి ఉంటే ఏమయ్యేదో. అందుకని పోసే ప్రతి చెంబుకూ దండం పెట్టాను.

సంగన్న ఊరేగింపు గులాలు రంగు అంటిన ముఖంతోనే బోర్డు తెచ్చాడు. దీపాల వేళకు మోటార్లు తిరిగాయి. చేపలు కిందికి దిగాయి. ఆకుపచ్చ పగడం సగం తెరుచుకుంది. బంగారు రంగు పెద్దది ఇంకా ముడుచుకునే ఉంది. దాని సంగతి తెల్లారితే గాని తెలియదు. నీకు అబద్ధం రాయను.

తరువాత తడినేల మీద చాపలు వేసుకుని నలుగురం కూర్చున్నాం. నీ ఉత్తరాలు మొదటిసారి పైకి చదివాను. దేవిదాస్ తల వంచుకుని విన్నాడు. చేపలతో పరిహాసం ఆడానే గాని హాలు కావాలని నేనెప్పుడన్నానని అడిగాడు. పూజపీట మార్చింది కోపంతో కాదని నేను చెప్పాను. తూర్పు వెలుగు అక్కడ బాగుంది. నీళ్ళ జోరు తగ్గించకుండా ఉండడానికి మార్చుకున్నాను. అది నీకు రాయాల్సింది.

అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"పిలగాడు రావాల్నని మీల ఎవలన్న అన్నరా?"

ఎవరమూ అనలేదు. దేవిదాస్, వాడొస్తానంటే వద్దంటానా అన్నాడు. నేను దేవుని ఇష్టమని ఊరుకున్నానన్నాను.

"ఎద్దునన్న పేరుపెట్టి పిలిస్తెనే అస్తది. మనిషి పిలువకుంటె అస్తడా?" అంది.

అప్పుడు తీర్మానం జరిగింది. దేవిదాస్ అక్కడే డాక్టరుకు ఫోను చేసి ఆదివారం వ్యాను పంపవద్దన్నాడు. ఆయన నొచ్చుకున్నాడు. వాడు ఓపికగా సర్దిచెప్పాడు. రోడ్డు వైపు షట్టరు గదిలో ఉన్న తన పాత టైర్లు, సామాను ఈ వారంలో తీసేసి గది నీ పనికి ఇస్తానన్నాడు. శుభాంగి పైపు రంధ్రం శుక్రవారం శుక్రవారం తానే చూసుకుంటానంది. పొలాల అమాసనాడు మోటార్లు ఒక పూట ఆపాలని అత్త పట్టుబట్టింది. మేం పోసినంతసేపే అని ఒప్పుకున్నాం.

చివరి తీర్మానం నీ గురించి. ట్యాంకు బతికితే వస్తానన్న నీ షరతు ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. పెద్ద పగడం రేపు తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు. దానికీ నీ రాకకూ లంకె లేదు. సోమవారం సంతకం పెట్టకు. ఇంటికి రా విలాస్. ఇది అడగడానికి నన్ను నియమించారు. పగడం సంగతి తెలిసేదాకా ఆగకుండా ఈ కాగితం ఇప్పుడే పంపాలని కూడా అన్నారు. పంపుతున్నాను.

అక్క
సుశీల